ముత్తమ్మ ఆనుకున్న గోడ

భిక్షపతి తాత నలభై ఏళ్లు ఇళ్లకు రంగులు వేశాడు. ఆ నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు తనదని ఒప్పుకోలేదు. రంగు పొక్కితే గోడలో చెమ్మ ఉందనేవాడు. గోడ పొడిగా ఉంటే సిమెంటు కల్తీ అనేవాడు. సిమెంటు మంచిదేనని ఇంటాయన వాదిస్తే నల్లా నీళ్లలో ఉప్పు ఎక్కువైందనేవాడు. చైతన్యపురిలో ఒక వకీలు మాత్రం వదిలిపెట్టలేదట. కోర్టులో నిలబెట్టినట్టు నిలబెట్టి అడిగాడట, ముందుగది రంగు ఆర్నెల్లకే ఎందుకు వెలిసిందని.

"సారూ, మీ ఇల్లు తూర్పు మొకం. పొద్దటి ఎండ సీదా గా గోడ మీదనే కొడ్తది," అన్నాడు తాత. "ఇగ సూర్యుని మీద ఏస్తరా కేసు?"

వకీలు నవ్వాడు. తాత నవ్వలేదు. ఆయన దృష్టిలో అది జోకు కాదు, జవాబు.

అంతటి మేస్త్రి ఇంట్లో గోడలకు రంగే లేదు. కొత్తపేటలో ఒక మేడ వెనకవైపు, కింద రెండు గదులు. ఇరవై రెండేళ్లుగా అదే కిరాయి ఇల్లు, అవే సున్నం గోడలు. కారణం ముత్తమ్మ. ఆమెకు రంగు వాసన పడదు. పెళ్లయిన కొత్తలోనే చెప్పేసిందట, "నీ రంగులు ఊరందరి ఇండ్లల్ల ఏస్కో. నా ఇంట్లకు తేకు," అని. తాత పని నుంచి వచ్చాక ముందు బయటి నల్లా దగ్గర ఆగాలి. కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, సబ్బుతో తోముకుని, అప్పుడు గడప దాటాలి. కాస్త తొందరపడి వచ్చేస్తే లోపలి నుంచి కేక వచ్చేది.

"మోచేతులు!"

ఆ కేక తాతకు ఎప్పటికీ అంతుబట్టలేదు. నల్లా ఉన్నది మేడమెట్ల అవతల. వాకిట్లో నిలబడి చూస్తే అటున్న మనిషి కనిపించడు. ఆమె ఉండేది ఇంట్లో. మోచేతులు మర్చిపోయిన సంగతి ఆమెకు ఎలా తెలిసేదో! అడిగితే, "నాకన్నీ తెలుస్తయ్," అనేది. దేవుడే దిగొచ్చి చెప్పినట్టు.

ముత్తమ్మకు ఒక చోటుంది. వాకిలికి ఎదురుగా ఉన్న గోడ మొదట్లో. సాయంత్రం నాలుగింటికి పనులన్నీ అయ్యాక తలకు కొబ్బరినూనె దండిగా పట్టించి, దువ్వుకుని, ఆ గోడకు తల ఆనించి కూర్చునేది. బియ్యంలో రాళ్లు ఏరేది, చిక్కుళ్లు ఒలిచేది, ఏ పనీ లేకపోతే ఊరికే కూర్చునేది. ఆరున్నరకు తాత వచ్చేదాకా అక్కడి నుంచి లేచేది కాదు. ఇరవయ్యొక్క ఏళ్లు. గోడ ఊరుకుంటుందా? నూనె తాగింది. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో జొన్నరొట్టె అంత మరక తేలింది. అంచుల్లో పలచన, నడుమ చిక్కన. అచ్చం నానబెట్టిన చింతపండు రంగు.

తాతకు దాన్ని చూస్తే ఒళ్లు మండేది.

"పెయింటర్ ఇంట్ల గిట్ల జిడ్డు గోడనా? నలుగురొస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఎవరొస్తుండ్రయ్యా మనింటికి? వచ్చినోళ్లకు చాయ్ కావాలె గని గోడెందుకు?"

ఒకసారి ఆమె ఊళ్లో లేనప్పుడు తాత ఆ మరక మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మేకు కొట్టి తగిలించాడు. ముత్తమ్మ చూసుకోకుండా వారం రోజులు దానికే ఆనుకుంది. ఎనిమిదో రోజు వెనక్కి తిరిగి చూస్తే స్వామివారి ముఖం జిడ్డుతో నిగనిగలాడుతోంది. హడలిపోయి లెంపలేసుకుని, కొబ్బరికాయ కొట్టి, ఆ కొబ్బరి చిప్పలు తాత చేతిలో పెట్టి, "పాపం నీకు. పచ్చడి మాత్రం నాకు," అంది. క్యాలెండరు వంటింట్లోకి పోయింది. మరక మిగిలింది.

పోయిన ఏడాది మాఘమాసంలో ముత్తమ్మ పోయింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు దవాఖాన, నాలుగో రోజు లేదు.

కూతురు సంధ్యారాణి ఎల్‌బీ నగర్‌లో ఉంటుంది. ఆమె తల్లి ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దండ వేయించి తెచ్చింది. ముత్తమ్మ జన్మలో తీయించుకున్న ఫోటోలు రెండు. ఒకటి పెళ్లిది, అందులో సగం ముఖం బాసికం కిందే ఉంది. రెండోది ఆధార్ కార్డుది. ఆ రెండోదే పెద్దది చేశారు. అందులో ముత్తమ్మ, తనను ఎవరో పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టి సంతకం పెట్టమంటున్నట్టు చూస్తుంది. తాత దానికి దండం పెడతాడు, అగరొత్తి వెలిగిస్తాడు, కానీ దాన్ని చూడడు. చూసేది మరకనే. అలాగని దానితో మాట్లాడతాడని అనుకోవద్దు. మనిషి ఉన్నప్పుడే పూటకు నాలుగు మాటలు దాటనివాడు గోడతో ఏం మాట్లాడతాడు? ఎదుటి గోడకు చేరగిలబడి కూర్చుంటాడు, అంతే. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా.

మోకాళ్లు అరిగాక పని మానేశాడు. చేతికి రంగు అంటి మూడేళ్లు దాటింది. అయినా బయటికి వెళ్లి వస్తే ఇప్పటికీ నల్లా దగ్గర ఆగుతాడు. శుభ్రంగా ఉన్న చేతుల్ని సబ్బు పెట్టి తోముకుంటాడు. అప్పుడప్పుడు కావాలనే మోచేతులు వదిలేసి లోపలికి వస్తాడు. ఎవరూ ఏమీ అనరు. మళ్లీ వెళ్లి కడుక్కుని వస్తాడు.

ఆదివారాలు ఎల్‌బీ నగర్‌లో కూతురింట్లో తిని, మెట్రో ఎక్కుతాడు. కొత్తపేటకు దగ్గరి స్టేషన్‌లో దిగాల్సినవాడు దిగకుండా దిల్‌సుఖ్‌నగర్ దాకా పోతాడు. పైనుంచి చూస్తే మేడల పై అంతస్తులు కనిపిస్తాయి. వాటిలో తాను రంగేసినవి ఏవో చూసుకుంటాడు. మెట్రో వచ్చిన కొత్తలో అలాంటివి పదకొండు ఉండేవి. కొన్ని కూలగొట్టి అపార్టుమెంట్లు కట్టారు, కొన్నిటికి ఎవరో వేరే రంగులేశారు. ఇప్పుడు నాలుగున్నాయి. పక్క సీటు మనిషికి చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఆ మనిషి చెవుల్లో వైర్లుంటాయి.

ముత్తమ్మ ఏడాది తద్దినం అయిన పది రోజులకు పైనుంచి సూర్యప్రభ దిగి వచ్చింది. ఆమె ఇంటి యజమానురాలు, భీమవరం వైపు మనిషి. వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మాత్రం ఇంకా అక్కడే ఉంది.

"భిక్షపతి గారూ, మా అబ్బాయికి సంబంధం కుదిరిందండీ. ఇల్లంతా రంగులు వేయిస్తున్నాం. సోమవారం మీ గదుల్లోకీ వస్తారు. సామాను కాస్త సర్దుకోండి."

"మంచి మాటమ్మా. ఏం రంగు?"

"అంతా క్రీమే. ఇదిగో, ఈ గోడ చూశారా, ఎంత జిడ్డో! మిషనుతో పైపొరంతా గీకించేసి, లప్పం పెట్టించేస్తాను. కొత్తగోడలా అయిపోతుంది."

తాత చూశాడు. ఆమె వేలు సరిగ్గా మరక మీదుంది.

ఆయనకు పని తెలుసు. మిషను అరగంట తిరిగిందంటే గోడ లోపలి ఇటుక ఇంటి పేరు కూడా చెబుతుంది. ఇరవయ్యొక్క ఏళ్ల నూనె ధూళిగా మారి చీపురుకట్టలోకి పోతుంది. గీకకుండా క్రీము వేద్దామా అంటే, లేత రంగు మీద మరక వారంలో పచ్చగా ఉబికి వస్తుంది. అప్పుడు ఎలాగూ గీకుతారు. దాన్ని దాచగలిగే రంగు ఒక్కటే.

"గీ గోడ నేనేస్తనమ్మా," అన్నాడు.

"మీరా? ఆ మోకాళ్లతోనా?"

"మోకాళ్లు నిచ్చెన ఎక్కనియ్యవు గని గోడ ముంగట కూసోనిస్తయ్. పైకి కట్టెకు రోలర్ కట్టి ఏస్త. కడమ గోడలు మీ మనుషులే క్రీమ్ ఏస్తరు. గీ ఒక్క గోడ ముదురు బ్రౌన్."

సూర్యప్రభ నోరు తెరిచింది. "బ్రౌనా? తలుపులకేసే రంగు గోడకా? ఇల్లు గుహలా అయిపోదూ?"

"గిప్పుడు గదే ఫేషనమ్మా. ఒక్క గోడ ముదురుగ, కడమవన్నీ లేతగ. మీ అబ్బాయినడుగుండ్రి."

అబ్బాయిని అడిగారు. అబ్బాయి ఫోనులో చూసి, "అమ్మా, తాత మనకన్నా అడ్వాన్సుగా ఉన్నాడే," అన్నాడు. గోడ గెలిచింది. కానీ గడువు మాత్రం సోమవారమే. అప్పటికి అవకపోతే మిషను దిగుతుంది.

తాత ఆలోచన చాలా సులువైనది. మరకను ముట్టుకోడు. గీకడు, లప్పం పెట్టడు, ప్రైమర్ కొట్టడు. పైన అదే రంగు వేస్తాడు. కింద మరక ఉంటుంది. ఉందని ఆయనకు తెలుస్తుంది. అది చాలు.

శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. అక్కడ సందులో సైదులు రంగుల దుకాణం ఉంది. సైదులు ఒకప్పుడు తాత దగ్గర పని నేర్చినవాడే. ఇప్పుడు అద్దాల వెనక, రంగులు కలిపే కంప్యూటరు మిషను పక్కన కూర్చుంటాడు.

"మేస్త్రీ! బతికే ఉన్నవా?"

"నిన్ను జూసి పోదామని ఆగిన. నీకు కడుపేందిరా, డబ్బా లెక్క పెరిగింది?"

"కూసునే పనాయె. చాయ్ తాగు. ఏం రంగు గావాలె?"

"నానబెట్టిన సింతపండు రంగు. మరక మీద ఏసేదుంది."

సైదులు మిషను వైపు, తాత వైపు మార్చి మార్చి చూశాడు. "మేస్త్రీ, దీంట్ల కాఫీ ఉంది, చాక్లెట్ ఉంది. సింతపండు లేదు. ఇంతకు ఎంతసేపు నానింది?"

"పొద్దుగాల నానబెట్టి పగటేళకు సూస్తే ఎట్లుంటది? గట్ల."

మిషను ఇవ్వగలిగినంత దగ్గరి బ్రౌన్ ఒక డబ్బా ఇచ్చింది. మిగతాది తానే కలుపుకుంటానని నలుపు, ఎరుపు రంగు చుక్కల సీసాలు రెండు తీసుకున్నాడు తాత. సైదులు ప్రైమర్ డబ్బా కూడా ముందు పెట్టాడు.

"అది ఒద్దు."

"మరక మీద ఏస్తున్న అంటివి. నూనె మరకైతే గీకి, ప్రైమర్ కొట్టకపోతే ఎండలకు మల్ల పైకొస్తది. నువ్వే నేర్పినవ్ గద మేస్త్రీ. ఒకపాలి గీకలేదని నా వీపు పలగ్గొట్టినవ్."

"నాకు జెప్పొచ్చినవా?" అని తాత డబ్బా ఎత్తుకున్నాడు.

శనివారమంతా రంగు కలపడంతోనే సరిపోయింది. నాలుగు చుక్కలు నలుపు, ఒక చుక్క ఎరుపు. పాత పేపరు ముక్క మీద పూసి, వాకిట్లో ఎండకు ఆరబెట్టి, ఆరాక తెచ్చి మరక పక్కన పెట్టి చూడడం. రంగు తడిమీద ఒకటి, ఆరాక ఒకటి. అందుకే తాత తడిరంగును ఏనాడూ నమ్మడు. మొదటిది కొత్త తలుపులా ఉంది. రెండోది మాడిన రొట్టెలా ఉంది. మధ్యాహ్నం మూడింటికి, ఏడోసారి, పేపరు ముక్క మరకలో కలిసిపోయింది. అంచు ఎక్కడుందో వేలితో తడిమితే గానీ తెలియలేదు. నలభై ఏళ్లలో అంత సరిగ్గా ఏ ఇంటికీ కలపలేదు. చూపించడానికి మాత్రం ఎవరూ లేరు. పేపరు ముక్కను కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్నే నేల మీద గోనెసంచులు పరిచాడు. తలకు తువ్వాలు చుట్టి గోడ ముందు చతికిలబడ్డాడు. డబ్బా మూత తీయబోతుంటే ఫోను మోగింది. సంధ్యారాణి. స్పీకరు పెట్టి ఫోను పక్కన పెట్టాడు.

"నాయినా, ఇయ్యాల ఆదివారం. తినేటానికొస్తున్నవా?"

"రాను బిడ్డా. పనుంది."

"నీకేం పని? మూడేండ్లాయె పని మానేసి."

"ఉంది తియ్."

"మల్ల జెప్తున్న, గా ఇల్లు ఇడిసిపెట్టి మా ఇంటికొచ్చేయ్. మీ అల్లుడు కూడ అంటుండు. ఒక్కనివి ఏం జేస్తవ్ అక్కడ?"

"ఏం జేస్త? కూసుంట."

"మా ఇంట్ల కూసో. ఇక్కడ టీవీ ఉంటది."

"మీ టీవీల అత్తలు కోడండ్లు ఏడ్సుడే గద. నేనెందుకు?"

"ఎడ్డెమంటే తెడ్డెమంటవ్ నాయినా నువ్వు. అమ్మ ఎట్ల ఏగిందో నీతోని." సంధ్యారాణి నవ్వింది. తర్వాత ఆగింది. "ఏందా సప్పుడు? ఏదో గీకుతున్నట్టుంది?"

"గోడ."

"ఏ గోడ? అమ్మ కూసుంటుండె, గా గోడనా?"

తాత తన చేతి వైపు చూసుకున్నాడు.

చేతిలో గరుకు కాగితం ఉంది. అరచేతికి సరిపడా చింపి, మూడు మడతలు పెట్టి ఉంది. ఎప్పుడు చింపాడో, ఎప్పుడు మడిచాడో ఆయనకు తెలియదు. నలభై ఏళ్లుగా గోడ ముందు కూర్చోగానే ఆ చేతులు చేసే మొదటి పని అదే. ఎడమవైపు కింది నుంచి మొదలుపెట్టి, గుండ్రంగా రుద్దుకుంటూ పైకి. ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మరక ఎడమ సగం లేదు. అక్కడ గోడ పాలిపోయి, తెల్లగా, శుభ్రంగా ఉంది. గోనెసంచి మీద పిడికెడు పొడి రాలి ఉంది.

"నాయినా? ఉన్నవా?"

"ఆఁ. మల్ల జేస్త బిడ్డా," అని ఫోను పెట్టేశాడు.

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సున్నం వాసన. దాని అడుగున ఎక్కడో కొంచెం కొబ్బరినూనె. తప్పు ఎవరిదని చెప్పాలో వెతుక్కున్నాడు పాపం. చెమ్మ లేదు. సిమెంటు లేదు. నల్లా నీళ్లు లేవు. సూర్యుడు ఇంకా అటువైపు రాలేదు.

చాలాసేపటికి, ఏం చేయాలో తోచక, వెనక్కి తిరిగి ఆ గోడకే చేరగిలబడ్డాడు. ఇరవై రెండేళ్లలో ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. అది ముత్తమ్మ చోటు, ఆయన చోటు ఎదురుగా. తల మరక కన్నా బెత్తెడు పైకి వచ్చింది. ఆమె పొట్టిది. కొంచెం కిందికి జారి, తల సరిగ్గా మరక దగ్గరికి తెచ్చుకుని, వాకిట్లోకి చూశాడు.

మేడమెట్ల కింది సందులోంచి నల్లా కనిపించింది.

నిలబడితే కనిపించదు. పీట వేసుకుని కూర్చున్నా కనిపించదు. నేల మీద, సరిగ్గా ఆ ఎత్తులో తల ఆనిస్తేనే కనిపిస్తుంది. నల్లా, సబ్బుపెట్టె, దాని ముందు మనిషి నిలబడే బండ. మనిషి నిలబడితే నడుమూ మోచేతులూ సరిగ్గా కనిపిస్తాయి.

రోజూ ఆరున్నరకు ఆమె చూసింది ఇదన్నమాట.

తాత అక్కడే ఎండ గడప దాకా వచ్చేంతసేపు కూర్చున్నాడు. తర్వాత లేచాడు, ఎందుకంటే తెల్లారితే సోమవారం. గరుకు కాగితం తీసుకెళ్లి వీధి చివర చెత్త డబ్బాలో వేసి వచ్చాడు, ఇంట్లో ఉంటే చేతులు మళ్లీ తీస్తాయని. మిగిలిన సగాన్ని ముట్టుకోకుండా, ప్రైమర్ లేకుండా, చిన్న బ్రష్షుతో మెల్లగా బ్రౌన్ పూశాడు. సాయంత్రానికి గోడంతా చింతపండు రంగైంది. ఎక్కడ సగం ఉందో, ఎక్కడ సగం లేదో ఆయనకే కనిపించలేదు. అంత బాగా కలిపాడు మరి.

సోమవారం సూర్యప్రభ వచ్చి చూసి, "అబ్బ, ఎంత బావుందండీ! గుహలా ఉంటుందనుకున్నాను గానీ," అని, ఇంకోసారి చూసి, "గుహలానే ఉంది. కానీ బావుంది," అంది. మిషను వెనక్కి పోయింది.

ఆ తర్వాత రోజులు బాగా గడవలేదు. నాలుగింటికి ఎదుటి గోడకు చేరగిలబడితే ముందు అంతా ఒక్కటే బ్రౌన్. చూపు ఎక్కడా ఆగదు. కింద ఉందనుకోవడం వేరు, కంటికి ఆనడం వేరు అని తాతకు తెలిసింది. రెండు ఆదివారాలు కూతురింటికి పోలేదు. మెట్రో ఎక్కలేదు. చేతులు మాత్రం కడుక్కుంటూనే ఉన్నాడు, మోచేతులతో సహా.

ఉగాది వెళ్లింది. ఎండలు ముదిరాయి. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం వాకిలి నుంచి వెలుగు ఏటవాలుగా గోడ మీద పడినప్పుడు, రెండున్నర అడుగుల ఎత్తులో ఏదో మెరిసింది. తాత మోకాళ్ల మీద పాకి దగ్గరికి పోయాడు. చుట్టూ రంగు పొడిపొడిగా ఉంటే అక్కడ నిగనిగలాడుతోంది. వేలు పెట్టి చూశాడు. జిడ్డు. కుడివైపు సగం మాత్రమే, విరిచిన జొన్నరొట్టెలా.

ఇదే మరక ఇంకెవరి పనిలోనైనా కనిపిస్తే తాత ఆ పెయింటరు ఏడు తరాలను తిట్టేవాడు.

రెండు రోజులకు సూర్యప్రభ శుభలేఖ ఇవ్వడానికి దిగి వచ్చింది. కుంకుమ బొట్టు పెట్టిన కార్డు చేతికిస్తూ గోడ వైపు చూసింది.

"అయ్యో! అదేంటండీ, జిడ్డు మళ్లీ పైకొచ్చేసింది! మీరు వేసిన గోడేనా?"

తాత నోరు తెరిచాడు. సూర్యప్రభ నల్లా నీళ్ల సంగతి వినడానికి సిద్ధపడింది.

"ఔనమ్మా. పని నేనే సక్కగ చెయ్యలే," అన్నాడు తాత. "తప్పు నాదే."

ఆమె ఇరవై రెండేళ్లుగా ఎరిగిన మనిషి. ఒంట్లో బాగుందా అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.

"పోనీలెండి, దానికేముంది. పెళ్లయ్యాక మనిషిని పంపిస్తాను, ఆ ముక్క గీకి సరిచేస్తాడు."

"ఒద్దమ్మా. నా పని మీద ఇంకోడు చెయ్యి పెడితే నాకు నచ్చదు."

ఇది మాత్రం పాత భిక్షపతే. సూర్యప్రభ నిశ్చింతగా మెట్లెక్కి వెళ్లిపోయింది.

తాత శుభలేఖను ఆధార్ కార్డు ఫోటో పక్కన పెట్టి, తన చోటికి పోయి కూర్చున్నాడు. గీకింది పైపైనే. లోపల నూనె చాలా లోతుకు దిగి ఉంటుంది. గీకిన చోట పైకి రావడం ఆలస్యమవుతుంది, ఎండ ఇంకా తగలాలి. సైదులుకు ఆ సంగతి నేర్పింది తానే.

నాలుగు దాటింది. మే నెల ఇంకా మొదలు కాలేదు.